టిఫిన్ డబ్బాల గుండెకాయ

మిర్యాలగూడల ఆరుంబావుకు కోదాడ బస్సెక్కిన. ఆడోళ్లకు జీరో టికెట్, కిటికీ పక్క సీటు, ఇంకేం కావాలె! ఈ ప్రయాణమంతా మా సైదులన్న మొండితనం వల్లనే. వదినకు గుండెల వాల్వ్ పాడయింది, హైదరాబాదుల ఆపరేషన్ చేయించాలె అని సూర్యాపేట డాక్టరమ్మ చెప్పి మూడు నెలలైంది. "గుండె కోసినంక లేసిన జీవాన్ని నేను సూడలె" అంటడు అన్న. గొర్లను కాసేటోడు, కోసేటోడు. బడిల సైన్స్ చెప్పేదాన్ని, నా మాటా ఇనడు.

ఎనిమిది దాటినంక కోదాడల దిగిన. అన్న, వదిన బస్టాండ్లనే ఉన్నరు. ఇడ్లీ తిని సూర్యాపేట బస్సెక్కినం. అన్న ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. పక్క సీటు పెద్దమ్మ అడగనే అడిగింది.

"అందులో కూరేంటయ్యా?"

"గొర్రె గుండెకాయ. పచ్చిదే. డాక్టరమ్మకు సూపియ్యాలె."

పెద్దమ్మ జర దూరం జరిగింది. నాకైతే సిగ్గుతోని తల కొట్టేసినట్టయింది.

పదింటికి దవాఖానకు చేరినం. మీరు పోతే ఇంకా ముందే పోండి, తర్వాత కూసోను జాగ దొరకదు. డబ్బా మూత తీసి, "ఇందుల ఏడ పాడయిందో సూపియ్యమ్మా" అన్నడు అన్న. డాక్టరమ్మ నవ్వుకుంట గ్లౌజులు తొడిగింది.

"ఒళ్లంతా తిరిగిన రక్తం ఈ కుడి దిక్కుకొస్తది. ఈడి నుంచి ఊపిరితిత్తులకు పోయి, మంచి గాలి అందుకొని, ఎడమ దిక్కుకొస్తది. ఎడమది దాన్ని మల్లా ఒళ్లంతటికీ పంపుతది." ఎడమ దిక్కు పైభాగం కోసి, కింది అరల నీళ్లు పోసి పిసికింది. రెండు తెల్లటి పొరలు టక్కున మూసుకున్నయి. "నీ భార్యకు ఇవి సరిగ మూసుకుంటలేవు. రక్తం ఊపిరితిత్తుల దిక్కే వెనక్కి తంతది. గందుకే ఆయాసం."

అన్న మొఖం సూడాలె! "ఇన్ని గుండెకాయలు కోసిన. గీ పొరలను నరాలనుకొని తీసి పారేసిన గదమ్మా." డబ్బా మీదికి వంగి సూసి, "మరి కోసినప్పుడు రక్తాన్ని ఎవరు తిప్పుతరు?" అన్నడు.

"అంతసేపు మిషన్ తిప్పుతది."

"అయితే హైదరాబాదుకు చీటీ రాయమ్మా."

నాకు పాణం లేచొచ్చింది. ఒంటిగంటకు చేపల పులుసుతోని కడుపునిండ తిన్నం. "హైదరాబాదు పోయేదాంక చెల్లె కాడ ఉండు, గొర్లను నేను సూసుకుంట" అని వదినను నాతోని మిర్యాలగూడ బస్సెక్కించి, అన్న కోదాడకు పోయిండు.

"రెండేండ్ల సంది ఆయాసం అంటే పనిదొంగవన్నడు" అన్నది వదిన. "సచ్చిన గొర్రె చెప్పంగనే ఇన్నడు." కడుపు నొచ్చేదాంక నవ్వినం. మొత్తానికి ఇంత సంబురంగ ఏ ప్రయాణమూ చెయ్యలె నేను.

మిర్యాలగూడ దగ్గర పడుతుంటే అన్న ఫోన్ చేసిండు. వదిన ఊ కొట్టింది, పెట్టేసింది, కొంగుతోని కండ్లు తుడుసుకుంది.

"ఏమన్నడు?"

"ఆయాసమొస్తుందా అని అడిగిండు. గా మాట అడుగుడు ఇదే మొదలు."