బీరువాలో మైక్రోస్కోపు

నసిబెకో మేడమ్‌ది నా పక్క క్లాసు. జోంబా పట్నం దగ్గరి మా సర్కారు బడిలో పంతొమ్మిదేళ్లు సైన్సు చెప్పింది. ఆమెను పంపించేసిన తీరు చూసి కడుపు మండి ఇది రాస్తున్నాను.

పట్నంలోని కాలేజీ ఒకటి మా చుట్టుపక్కల పన్నెండు బళ్లతో జతకట్టింది. సెలవుల్లో మాకు శిక్షణ ఇచ్చారు, బడికో మైక్రోస్కోపు ఇచ్చారు. మంచి పనే. కానీ మూడేళ్ల తర్వాత దాన్ని చెక్కుచెదరకుండా చూపించాలని మా హెడ్మాస్టర్ లికొంగ్వే చేత సంతకం పెట్టించుకున్నారు. ఆయన వెంటనే బీరువాలో పెట్టి తాళం వేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదీ సంగతి.

"ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్. ఎనిమిదో క్లాసు వాళ్లు ఈ ఏడాదితో వెళ్లిపోతారు" అని మేడమ్ ఎన్నిసార్లు బతిమాలిందో!

"పగిలితే మీరు తెచ్చిస్తారా? బోర్డు మీద బొమ్మేసి చెప్పండి, చాలు."

వేసింది. పిల్లలు భాగాల పేర్లు గడగడా అప్పజెప్పేవారు.

చివరి తనిఖీకి కాలేజీ ఆయన వచ్చాడు. అతిథి కోసం న్సిమా అనే మొక్కజొన్న ముద్ద, కోడికూర వండించారు. బల్ల మీద మైక్రోస్కోపు తళతళలాడుతోంది.

"అబ్బ, కొత్తదానిలా ఉంచారే! ఆదర్శ పాఠశాల అంటే ఇదీ" అన్నాడాయన. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేక.

మేడమ్ ఉల్లిపొర పెట్టి, క్లాసులో ఫస్టొచ్చే ఎనెలెసిని పిలిచింది. "చూడమ్మా."

ఆ పిల్ల బల్ల పక్కన వంగి, దాన్ని పక్కనుంచే చూస్తూ ఉండిపోయింది. బోర్డు మీద బొమ్మ అలాగే ఉండేది మరి. కన్ను ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఏం కనబడట్లేదు మేడమ్" అంది ఏడుపు గొంతుతో.

మేడమ్ కాలేజీ ఆయన వైపు తిరిగింది. "మీ వస్తువు భద్రంగా ఉంది కదా సార్? మరి నా పిల్లల సంగతేంటి?"

"మేడమ్! అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి" అని హెడ్మాస్టర్ పళ్లు కొరికాడు.

"చల్లారనివ్వండి. పిల్లలూ, వరుసలో రండి!"

ఎనభై నాలుగు మంది. కన్ను ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కరికీ చూపిస్తూ, అందరూ చూసేదాకా ఆమె కదల్లేదు. "గోడలు మేడమ్! ఇటుకలు పేర్చినట్టున్నాయి!" అని ఎనెలెసి అరిచింది. కాలేజీ ఆయన ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు.

నెల తిరక్కుండానే ఆమెకు బదిలీ కాగితం వచ్చింది, చిల్వా సరస్సు ఒడ్డున కాలేజీ జతకట్టిన పన్నెండింటిలో లేని బడికి. పెద్దల ముందు మర్యాద తప్పిందట!

ఆ మరుసటి వారం కాలేజీ రిపోర్టు వచ్చింది. అట్ట మీద మా పిల్లల వరుస, కింద 'మా భాగస్వామ్య ఫలితం' అని పెద్దక్షరాలు. ఫొటోలో మేడమ్ మోచేయి మాత్రమే పడింది.