బార్సిలోనాలో గుడ్డసంచీకి కాపలా

పోయిన వారం మా అబ్బాయి నా స్కూటీ తాళంచెవి తీసి బీరువాలో పెట్టి, ఆ బీరువా తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. మా ఊరి మోక రోడ్డులో బర్రె అడ్డమొచ్చి నేను పడిన మాట నిజమే. మోచెయ్యి గీరుకుపోయిన మాటా నిజమే. "ఇంక సాలుమా, సుమ్నె గమ్మున ఇంట్లో ఉండు. యాడికి పోవాలన్నా నేను ఇడిసొస్తా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అయినా నేను వాడితో సరిగా మాట్లాడలేదు. అట్లా మూతి ముడుచుకుని వరండాలో కూర్చున్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది మా ఇంటివాళ్లెవరూ కాదు. ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక్క పూట చూసిన, పేరు కూడా తెలియని ఒక ముసలామె.

నేను బళ్ళారిలో సర్కారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. రిటైరయిన ఏడాది అక్కా నేనూ కలిసి ఏదైనా దేశం చూసి రావాలనుకున్నాం. అక్కకు టీవీలో చూసిన బార్సిలోనా మీద మనసు. వీసాలొచ్చినాయి, టికెట్లొచ్చినాయి, చక్కిలాలు కూడా చేసి డబ్బాలకెత్తినాం. అప్పుడు అక్క మిద్దె మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకునింది. ఇంటిల్లిపాదీ నన్ను మానుకోమన్నారు. ఆస్పత్రి మంచం మీద కట్టుతో పండుకున్న అక్క మాత్రం, "నువ్వన్నా పోయిరామ్మా. ఇద్దరమూ ఈడ్నే కూచుంటే ఆడ ఎట్లుండాదో నాకెవరు చెప్తారు?" అనింది. బెంగళూరు దాటి ఒంటరిగా పోయెరగని నేను అట్లా విమానమెక్కినాను.

ఆ ఊరి సముద్రం ఒడ్డు మన తిరునాళ్ల మాదిరి ఉంటుంది. దేవుడొక్కడే తక్కువ. ఒక పక్క పాటలు, ఒక పక్క బంతాట, వేయించిన చేపల వాసన, ఒంటికి పూసుకునే నూనెల వాసన. గుడ్డల విషయంలో ఆ జనానికి పట్టింపు లేదు. సల్వారు కమీజు, బూట్లు వేసుకుని చున్నీ తలమీద కప్పుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా ఒళ్లోని బొరుగుల పొట్లంలోనే పెట్టుకున్నాను. పక్కన తువ్వాలు పరుచుకున్న ముసలామె ఆ పొట్లం చూసి చెయ్యి చాపింది. గుప్పెడు బొరుగులూ శనక్కాయలూ పెట్టినాను. నాకంటే పది పన్నెండేండ్లు పెద్దది. ఎండకు కాగి కాగి తోలు చింతపండు రంగుకు వచ్చింది. బొరుగులు తిని, కళ్లద్దాలు తీసి తన గుడ్డసంచీలో వేసి, ఆ సంచీని నా మోకాలి దగ్గరికి జరిపింది. రెండు వేళ్లు తన కళ్ల దగ్గర పెట్టి, తర్వాత సంచీని చూపించి నవ్వింది. చూస్తా ఉండమని. నేను సరేనని తల ఊపినాను. ఆమె నీళ్లలోకి దిగి చేప మాదిరి పోయింది.

మొదట్లో ఆమె తెల్లతల కనపడతానే ఉనింది. కాసేపటికి అలల మీద ఏది నురగో, ఏది తలో తెలియలేదు. జాగ్రత్త చెప్పే పసుపు జెండా ఒకటి గాలికి టపటపా కొట్టుకుంటా ఉంది. దూరంగా పోయినవాళ్లు ఒక్కొక్కరే ఒడ్డుకొచ్చినారు. ఆమె రాలేదు. పొట్లం ఖాళీ అయింది. ఆమె తువ్వాలు మీదికి గొడుగు నీడ జరిగింది. ఇంకా రాలేదు.

మా అవ్వగారి ఊరు కెంచనగుడ్డ. నా చిన్నప్పుడు మా చిన్న మేనమామ తుంగభద్రలో ఈతకు దిగినాడు. అవ్వ ఆయన అంగీ ఒళ్లో పెట్టుకుని ఒడ్డున రాతి మీద కూర్చుంది, నేను ఆమె పక్కన. "వస్తాడు, వానికి ఈత బాగా వస్తాది" అని పొద్దు మునిగేదాకా అవ్వ అంటానే ఉనింది. మరుసటి రోజు ఏటి వాలులో చాలా కింద దొరికినాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరమూ ఏట్లో మోకాలి లోతు దాటలేదు. ఆ ముసలామె సంచీ నా ఒళ్లోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. గట్టిగా పట్టుకుని ఉన్నాను.

పక్కవాళ్లకు ఇంగ్లీషులో చెప్పబోతే వాళ్లు నవ్వి చేతులూపినారు. అంతలో బకెట్టులో మంచుగడ్డలేసి సీసాలు అమ్ముకుంటా ఒకాయన వచ్చినాడు. గడ్డం నెరిసిన మనిషి. ముఖం మన పక్కదే అనిపించి, మా ఊరి కౌల్‌బజార్‌లో గాజులు బేరమాడి నేర్చుకున్న నా హిందీని బయటికి తీసినాను. "భాయ్, ఏక్ బుడ్ఢీ పానీ మే గయీ. వాపస్ ఆయీచ్ నై!" ముసలామె నీళ్లలోకి పోయి తిరిగి రాలేదని.

ఆయన నిలబడిపోయినాడు. పాకిస్తాన్‌లో ఏదో పల్లెటూరంట. నన్ను ఖాలా అన్నాడు, అంటే పిన్ని అని. ఈతకు దిగినవాళ్లను కాపాడే కావలివాళ్ల మంచె వైపు చూసి, సీసాల వైపు చూసి, గొంతు తగ్గించినాడు. అనుమతి లేకుండా అమ్ముకుంటాన్నాడు. మంచె దగ్గరికి పోతే పోలీసులు సరుకు లాక్కుంటారు, తన కాగితాలు కూడా ఇంకా సరిగా లేవు, అన్నాడు.

"సరుకు నా దగ్గర పెట్టి పో, భాయ్. నాకు వాళ్ల మాట రాదు. నువ్వు పోకుంటే ఎవరూ పోరు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, బకెట్టు నా పక్కన దించి పరిగెత్తినాడు. మంచె మీది పిల్లోడు దుర్బీను ఎత్తడం, ఈల వెయ్యడం, ఇంకొకడు నీళ్లలో తేలే పలక చంకనెత్తుకుని నీళ్లలోకి దూకడం అన్నీ చూసినాను. సరిగ్గా అప్పుడే ఇద్దరు పోలీసులు ఇసుకలో నడుచుకుంటా నా వైపుకొచ్చినారు. చున్నీ తీసి బకెట్టు మీద కప్పి, దానిమీద మోచెయ్యి ఆనించి, ఖాళీ పొట్లంలోంచి లేని బొరుగులు ఏరుకుని తిన్నాను. వాళ్లు నన్ను ఒక వింతను చూసినట్టు చూసి పోయినారు.

దూరంగా నీళ్లలో హద్దుకు కట్టిన తేలే పసుపు బుడగను కరుచుకుని వేలాడతా ఉనిందంట ఆమె. తొడ పట్టేసిందంట. పలకమీద పండుకోబెట్టి తెచ్చినారు. పెదాలు నీలంగా ఉన్నాయి, పండ్లు టకటకా కొట్టుకుంటాన్నాయి. కావలి పిల్లోడు ఏదో అడిగితే ఆమె వేలు చాపి నన్ను చూపించింది.

సీసాలాయన నా చెవిలో చెప్పినాడు. "నువ్వు ఆమె స్నేహితురాలంట, ఖాలా. ఇంటికి నువ్వే తీసకపోతావని చెప్తాంది. కూతురికి ఫోన్ చెయ్యొద్దంట. తెలిస్తే ఆ పిల్ల ఇంక ఎప్పటికీ సముద్రంలోకి పోనీదంట."

అందరూ నా వైపు తిరిగినారు. ఆమె కళ్లు నన్ను బతిమాలుతాన్నాయి. ఒక్కసారి తల ఊపితే అయిపోతుంది. నేను కూడా ఇంట్లో అందరి మాటా కాదని వచ్చినదాన్నే. కానీ అవ్వ మాదిరి ఒళ్లో సంచీ పెట్టుకుని ఒడ్డున కూర్చున్నది నేను.

"లేదు. ఈమెను నేను ఈ రోజే చూసినా. కూతురికి ఫోన్ చెయ్యమని చెప్పు" అన్నాను.

"చెప్పాల్నా?" అన్నాడాయన.

"చెప్పు, భాయ్."

కూతురు వచ్చింది. ఏదో వంటింట్లో పనిచేస్తా ఉన్నట్టుంది, నడుముకు కట్టుకున్న గుడ్డతోనే ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చింది. వచ్చీ రాగానే తల్లిని నోటికొచ్చినట్టు తిట్టింది. తిడతానే తువ్వాలుతో తల తుడిచింది. తుడుస్తానే ఏడ్చింది. ముసలామె లేచి, నా చేతిలోంచి సంచీ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, నా ముఖం చూడకుండా కూతురి వెంట పోయింది. సీసాలాయన బకెట్టెత్తుకుని, ఒక నీళ్ల సీసా నా చేతిలో పెట్టి, "బాధపడొద్దు ఖాలా" అని జనంలో కలిసిపోయినాడు. నేను మాత్రం గొడుగులన్నీ మడిచేదాకా ఆడ్నే ఉన్నాను.

తిరిగొచ్చి అక్కకు అంతా చెప్పినాను. కట్టు విప్పిన కాలును ఒత్తుకుంటా చివరిదాకా వినింది. "నువ్వు చేసింది సరేలేమ్మా" అని, మళ్లీ "నేనైతే తల ఊపేదాన్ని" అనింది. ఆ మాటకు నాకు కోపమొచ్చింది, చెప్పొద్దూ.

ఫోన్ చెయ్యమనడం తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆమె నా ముఖం ఎందుకు చూడలేదో ఏటేటా ఇంకొంచెం అర్థమవుతాంది. ఒడ్డున కూర్చున్న నన్ను కాలం మెల్లమెల్లగా, నాకు తెలీకుండానే, నీళ్లలో ఉన్న ఆమె పక్కకు జరుపుతాండాది.