బాపట్ల మైదానంలో బేరం

ఆ రోజుల్లో, బేరమాడితే రాని వస్తువంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. తెనాలి బజారులో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. నేను నడక నేర్చింది గిన్నెల మధ్యనే. (గిన్నెలకు తగలకుండా బంతిని తీసుకెళ్ళడం కూడా అక్కడే నేర్చుకున్నాను. తగిలిన రోజున ఇంకా బాగా నేర్పేవారు.) బేరంలో అసలు కిటుకు ఏమిటంటే, మాట కుదరకపోతే చేతిలో గిన్నె పక్కన పెట్టేసి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోవాలి. ఆఖరి మెట్టు దాటకముందే మా నాన్న, "ఆగమ్మా, అంత కోపమైతే ఎలా? ఇలా రా" అని పిలిచేవాడు. పిలవని రోజును నేను చూడలేదు.

పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ తెలివినే బూట్లతో పాటు సంచిలో పెట్టుకుని బాపట్ల రైలెక్కాను. జీతమిచ్చి ఆడించుకునే కుర్రాళ్ళ కోసం ఓ పెద్ద ఊరి ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు అక్కడ సెలక్షన్లు పెట్టారు. చోటు దొరికితే ఆటే ఉద్యోగం, దొరక్కపోతే మర్నాటి నుంచి కొట్లో కూర్చోవాలని నాన్నతో ఒప్పందం. నేను వింగర్‌ని. అంటే మైదానం అంచు గీత పట్టుకుని పరిగెత్తి, అవతలి గోల్ ముందున్న మనవాడికి బంతి అందించేవాణ్ణి. ఆ సంగతి కోచ్‌కి విన్నవించుకున్నాను. (మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి మాకాయన ఈలసారు.) ఆయన కాగితంలోంచి తలెత్తకుండా, "వింగర్లు చాలామంది ఉన్నారు. నువ్వు బ్యాక్‌లో ఉండి మన గోల్ కాపాడు" అన్నారు.

"ఒక పని చేద్దాం సార్. మొదటి సగం బ్యాక్, రెండో సగం వింగ్."

"కుదరదు."

"పోనీ ఆఖరి పావుగంటండి. మీ మాటా కాదు, నా మాటా కాదు..."

"ఇదేమన్నా కూరల మార్కెట్టనుకున్నావా? ఆడితే ఆడు, లేకపోతే జరుగు."

ఇదే సమయం అనుకున్నాను. సంచి భుజానేసుకుని గేటు వైపు నడిచాను. నెమ్మదిగానే నడిచాను, పిలిచేవాడికి గొంతు సవరించుకునే వ్యవధి ఇవ్వాలి కదా! పిలుపు రాలేదు. వంగి, ఊడని లేసును విప్పి మళ్ళీ కట్టాను. అయినా రాలేదు. ఈల మాత్రం వినిపించింది. వెనక్కి చూస్తే రేపల్లె నుంచి వచ్చిన పొడుగు కుర్రాడొకడు నా చోట్లో నిలబడ్డాడు, ఆట మొదలైపోయింది. గేటు దగ్గర సోడాబండి పెద్దాయన, "ఏంటబ్బాయ్, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. "లేదు బాబాయ్, ఇంకా మొదలవలేదు" అన్నాను. నోటికొచ్చిందేదో అన్నానుగానీ, అన్నాక అదే నిజం చేయాలనిపించింది. గేటు అవతల స్టేషను, స్టేషను అవతల కొట్టు.

వెనక్కి తిరిగాను. తనంతట తాను తిరిగొచ్చిన బేరానికి తగ్గింపు ఉండదని మా బజారులో పసివాడికీ తెలుసు.

"ఏంటి, మళ్ళీ వచ్చావ్?"

"మీరు చెప్పిన ధరకేనండి."

ఈలసారు నవ్వలేదు. "ఇప్పుడదీ లేదు. ఎవడైనా బయటికొస్తే చూద్దాం" అన్నారు. గీత పక్కన ఎండలో నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు, కూర్చుంటే మరిచిపోతారని. ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా రేపల్లెవాడికి పిక్క పట్టేసింది. కుంటుకుంటూ వచ్చి, "వెళ్ళు బావా, నీ చోటు నీకే. ఈసారి బేరమాడకు!" అన్నాడు.

కాసేపు బుద్ధిగానే బ్యాక్ ఆడాను. తర్వాత బంతి ఖాళీగా కాలి దగ్గరికి వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. గీత పట్టుకుని పరుగు. "వెనక్కి రారా! వెనక్కి!" అని ఈలసారు కేకలు. ఒకణ్ణి దాటాను, ఇంకొకణ్ణి దాటాను, మైదానం చివరి నుంచి బంతిని గోల్ ముందుకు కొట్టాను. మావాడొకడు తలతో లోపలికి తోశాడు.

"నిన్ను బ్యాక్ ఆడమన్నానా లేదా?"

"అక్కణ్ణుంచే బయల్దేరానండి."

ఆయన నా పేరు రాసుకున్నారు. పక్కనే "బ్యాక్" అని కూడా రాశారు, నాకు కనిపించేలా.

ఇంటికి రాగానే నాన్న, "ఎంతకి తెగిందిరా?" అన్నాడు. "బ్యాక్‌కే నాన్నా." "సరుకు ముందు లోపలికి చేరనీ. ఏ అరలో పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు." అర మారడానికి రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత మోకాలు మొరాయించేదాకా నేను వింగర్‌నే.

ఇప్పుడు తెనాలిలో ఆదివారాలు, పొట్టలొచ్చిన పెద్దమనుషులం కొందరం సరదాకి ఆడుకుంటాం. నన్ను అడక్కుండానే బ్యాక్‌లో నిలబెడతారు, నేనూ కిక్కురుమనను. బంతి దొరికినప్పుడు మాత్రం కాళ్ళు గీత వైపు లాగుతాయి. సగం మైదానం దాకా వెళ్ళి ఎవరికో అందించేసి ఆగిపోతాను. ఆ పద్దెనిమిదేళ్ళవాడు మాత్రం ఆగడు. చివరిదాకా పోతూనే ఉంటాడు. నేను నడుం మీద చెయ్యేసుకుని, ఆయాసపడుతూ వాడి వీపు చూస్తుంటాను.