గోవిందప్ప దగ్గర పాసైన కారు

బుక్కరాయసముద్రంలో కొత్త కారు కొనదలచినవాడు మొదట పోయేది షోరూముకు కాదు, గోవిందప్ప ఇంటికి. గోవిందప్పకు కారు లేదు, తోలడం రాదు. ఈ రెండు అనర్హతలూ కలిసి ఆయన అభిప్రాయానికి గొప్ప నిష్పాక్షికతను ప్రసాదించాయి.

ఆయన వృత్తి బోర్లకు పాయింటు పెట్టడం. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. టెంకాయ నిక్కి నిలబడిన చోట నీళ్ళున్నట్టు. నీళ్ళు పడితే గోవిందప్ప మహిమ, పడకపోతే రైతు ప్రారబ్ధం. ఇంత న్యాయమైన ఒప్పందం వేరే ఏ వృత్తిలోనూ లేదు. పాయింటు కావలసినవాళ్ళు తమ బండ్లలో వచ్చి ఆయన్ను తీసుకుపోతారు గనక, జిల్లాలో చెడిపోదగిన ప్రతి బండీ ఆయన లోపల కూర్చుని ఉండగానే చెడిపోయింది. గుమ్మఘట్ట దాటినాక, చెట్టూ చుక్క నీరూ లేని చోట, ఎత్తిన బానెట్టు నీడలో మధ్యాహ్నాలు గడిపినవాడికి వాహనశాస్త్రం దానంతటదే అబ్బుతుంది.

ఆ శాస్త్రంలో బండి నిలబడకూడదు. నిలబడితే, దగ్గర్లోని సైకిల్ షాపువాడైనా దాన్ని బాగుచేయగలగాలి. ఇక భద్రత సంగతి తలుపు మీద అరచేత్తో చరిచి తేల్చేవాడు. దబ్బుమంటే ఇనుము, టప్పుమంటే రేకు డబ్బా. సీటు బెల్టు జోలికి మాత్రం పోడు. "మనిషిని తాళ్ళతో కట్టేది ఒక్కసారే, పాడె మీద. బతికుండంగానే రిహార్సలు ఎందుకప్పా?" అనేవాడు. ఊరు ఈ మాటను ఎంతగా మన్నించిందంటే, మా కార్లలో బెల్టులు కట్టుకునే భాగ్యం చెనిక్కాయల మూటలకే దక్కింది. మూటకు అపశకునం లేదు గదా.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఈ శాస్త్రానికి సొంతింట్లోనే పరీక్ష వచ్చింది. కూతురు రేఖ పశువుల డాక్టరు. తాడిపత్రి అవతల యాడికి అనే ఊరికి బదిలీ అయింది. ఈనడానికి కష్టపడే ఎనుము వేళ చూసుకోదు. చుట్టుపక్కల పల్లెలకు ఒక్కతే పోయి రావాలి. కారు కొంటానంది.

ఊరందరికీ చెప్పినంత సులువుగా కూతురికి చెప్పలేకపోయాడు గోవిందప్ప. ఆ రోడ్లు ఆయనకు తెలుసు. బండి నిలబడితే ఆ ఎండలో బిడ్డ ఒక్కతే నిలబడాలి.

"పాత జీపు తీసుకోమ్మా. కమ్మీతో కట్టినా నడుస్తాది."

"ఆ కమ్మీ కట్టేది నేనేనా నాయనా? కొత్త కారు అట్ల చెడిపోదు."

"చెడిపోదని నీకెవురు చెప్పినారు?"

"నీళ్ళు పడతాయని నీకు టెంకాయ చెప్పలేదా?"

గోవిందప్ప తోలి చూసి సరేనంటేనే కొనాలని రాజీ కుదిరింది. తోలడం రాదు గనక కూర్చుని చూస్తాడు.

అనంతపురం షోరూములో కార్లమ్మే రాఘవేంద్ర చిన్న తెల్ల కారు చూపించాడు. గోవిందప్ప తలుపు చరిచాడు. టప్పుమంది. ముఖం ముడుచుకుంది.

"ఇందులో గాలి సంచి ఉండాదన్నా. గుద్దుకుంటే తెరుచుకుంటాది," అన్నాడు రాఘవేంద్ర.

"గుద్దుకోకముందే తెరుచుకునేది ఉంటే చెప్పప్పా, ఇప్పుడే కొంటాం."

రేఖ బెల్టు పెట్టుకుని తాడిపత్రి రోడ్డు పట్టింది. పక్క సీట్లో గోవిందప్ప తన బెల్టును వీపు వెనక్కి తోసేశాడు. వెనక రాఘవేంద్ర కారు గుణగణాలు చదువుతున్నాడు. ఉన్నట్టుండి పక్క చేలోంచి మేకల మంద రోడ్డెక్కింది. రేఖ బ్రేకు తొక్కింది. కారు ఆగింది. గోవిందప్ప మాత్రం ఆగలేదు, నుదురు డాష్‌బోర్డును చేరేదాకా ప్రయాణం కొనసాగించాడు.

మేకల తిప్పన్న కట్టె ఎత్తుకుని వచ్చాడు. అద్దంలోంచి చూసి ఆగాడు.

"గోవిందప్పన్నా, నువ్వా! నా చేన్లో బోరు ఎండబెట్టింది చాల్లేదా, మేకల మీదికి వచ్చినావు?" నుదుటి మీద లేస్తున్న బొప్పిని శ్రద్ధగా పరిశీలించాడు. "ఈడ మాత్రం పాయింటు బాగా పడిండాది. తవ్వితే నీళ్ళొస్తాయి."

మామూలుగా అయితే గోవిందప్ప ఈ మాటకు గంట సేపు జవాబు చెప్పేవాడు. ఇప్పుడు కూతుర్నే చూస్తున్నాడు.

"నీకేం కాలేదా?"

"లేదు నాయనా."

ఆమె భుజం మీంచి నడుము దాకా బెల్టు బిగుసుకుని ఉంది. దాన్ని వేలితో లాగి చూశాడు. తరువాత వీపు వెనక నుంచి తన బెల్టును బయటికి లాగాడు.

"దీన్ని యాడ తగిలించాల?"

"రిహార్సలా నాయనా?" అంది రేఖ, తగిలిస్తూ.

"అది పోయినాక కడతారు. ఇది పోకుండా కడతారు. ఇంక మాట్లాడకుండా తోలు."

కారు పాసైంది. శాస్త్రంలో పాత భాగాన్ని ఆయన వదులుకోలేదు. డిక్కీలో మోకు, పెద్ద క్యాను నిండా నీళ్ళు, తాడిపత్రిలో ఆ కారును విప్పి బిగించగల మెకానిక్కు ఫోన్ నంబరు సమకూరినాకే యాడికికి పంపించాడు. కారు చూడమని వెంట తీసుకుపోయినవాళ్ళకు ఇప్పటికీ తలుపు చరిచి చూపిస్తాడు. కాకపోతే ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు తనే తగిలించి, ఆ తరువాత చరుస్తాడు. చెనిక్కాయల మూటలు మళ్ళీ డిక్కీలోకి చేరాయి.

మా వైపు ఫోనులో మొదటి మాట తిన్నావా అని. గోవిందప్ప దాన్ని రెండో మాట చేశాడు.

"బెల్టు పెట్టుకున్నావామ్మా?"

"నాయనా, ఇంట్లో మంచం మీద కూచోనుండా."

"యాడ కూచున్నావని నేనడగలేదే."

"పెట్టుకున్న్యా లే నాయనా," అంటుంది రేఖ.

అప్పుడు అడుగుతాడు, తిన్నావా అని.