పెద్ద మిస్త్రీకి దండ వేసిన రోజు

ఆ రోజుల్లో మనుషులు రెండే రకాలు: పర్మనెంటు అయినవాళ్ళు, కానివాళ్ళు. నేను రెండో రకం. ఏడాదికొక ఉద్యోగం మార్చే ఇప్పటి పిల్లలకు ఈ బాధ చెప్పినా అర్థం కాదు. అప్పట్లో పర్మనెంటు కానివాణ్ణి పెళ్ళిలో బంతికి పిలిచేవాళ్ళు కూడా కాస్త ఆలోచించి పిలిచేవాళ్ళు. పాతబస్తీలో, లాల్‌దర్వాజా వైపు గల్లీలకు నీళ్ళు వదిలే ఆఫీసులో నేను సూపర్వైజర్ని. దానికి బోర్డు మీద చాలా పొడుగు పేరుండేది గానీ జనం మాత్రం నల్లా ఆఫీసు అనేవాళ్ళు. నా ప్రొబేషన్ అప్పటికే ఒకసారి పొడిగించారు. కారణం: ‘కింది సిబ్బందిని కలుపుకొని పోవడం చేతకాదు.’ ఈ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే మా బాపు, నేను నౌకరీలో చేరిన వారానికే, ‘మావోడు పర్మనెంటయిండు’ అని గల్లీ అంతా లడ్డూలు పంచి వచ్చాడు. (పంచేముందు నన్నొక్క మాట అడిగి ఉంటే ఆ లడ్డూలు మిగిలేవి.)

నా కింద ఉన్నవాళ్ళలో ఈ కథకు కావలసింది ముగ్గురు. ఒకాయన పెద్ద మిస్త్రీ. తెల్ల మీసాలు, నా తండ్రి వయసు, రిటైరు కావడానికి ఇంకా కొన్నేళ్ళున్నాయి. రెండో ఆయన ఫిట్టరు. ఆదివారం చర్చిలో ప్రసంగాలు చెప్పేవాడు కాబట్టి అందరూ పాస్టరన్న అనేవాళ్ళు. మూడో ఆయన చౌకీదారు చాచా. మిస్త్రీకీ పాస్టరన్నకూ మాటల్లేవు. ఎందుకు లేవంటే, ఒకరోజు పొద్దున పాస్టరన్న ఒంటినిండా సబ్బు రాసుకొని ఉండగా మిస్త్రీ ఆ గల్లీ వాల్వు కట్టేశాడు. టైమయింది కాబట్టి కట్టానని ఆయన, కావాలనే కట్టాడని ఈయన. పాస్టరన్న కళ్ళలో సబ్బుతో, నడుముకు తువ్వాలుతో గల్లీలోకి వచ్చి అరిస్తే చుట్టుపక్కల ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారట. ఆ నవ్వులు ఆయన మరిచిపోలేకపోయాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా చాచా నిలబడేవాడు. ‘పాన ఏడ వెట్టిండో అడుగు’ అని ఆయనంటే, ‘కండ్ల ముంగటే ఉందని చెప్పు’ అని ఈయన. (పాన అంటే వాల్వు తిప్పే పెద్ద ఇనప పనిముట్టు. అది నిజంగా కళ్ళ ముందే ఉండేది.)

మాట్లాడుకోకపోతే ఏమిటట అంటారా? పై గల్లీల వాల్వు కట్టేశాకే కింది గల్లీల వాల్వు తెరవాలి. పైన మిస్త్రీ, కింద పాస్టరన్న. కట్టేశానని ఆయన కేక వేయడు, తెరుస్తున్నానని ఈయన చెప్పడు. దాంతో ఒక గల్లీలో నీళ్ళు పారి మోరీలో కలిసేవి, పక్క గల్లీలో నల్లా గాలి ఊదేది. ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు నా మీదికి వచ్చేవాళ్ళు. ‘కుర్సీల కూసుండి ఏం జేస్తున్నవయ్యా? నీల్లియ్యరాకుంటె ఇంటికాడ ఉండరాదు?’ అని అడిగేవాళ్ళు. అడగడంలో న్యాయముంది గనక నేను నేల చూపులు చూసేవాణ్ణి. ఇంతలో ఆషాఢం వచ్చింది. మా ఇంజనీరు సారు నన్ను పిలిపించి, ‘బోనాలనాడు నేనే స్వయంగా వస్తాను. గల్లీల్లో నీళ్ళుండాలి. నీ మనుషులు ఒక్క తాటి మీద పనిచేస్తున్నట్టు నా కళ్ళకు కనబడాలి. లేకపోతే నీ ప్రొబేషన్ సంగతి నన్ను అడగొద్దు’ అన్నాడు. అని, దయతలచి, సూపర్వైజర్లకు పెట్టిన శిక్షణకు పంపాడు.

ఆ శిక్షణ ఇచ్చింది బొంబాయి నుంచి టై కట్టుకొని వచ్చిన ఒక సారు. ఆఫీసులో మనుషుల మధ్య సఖ్యత పెరగాలంటే చిన్న చిన్న ఆటలు చాలన్నాడు ఆయన. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాలి. ఒకడు కళ్ళు మూసుకొని వెనక్కి పడితే ఇంకొకడు పట్టుకోవాలి, దానితో నమ్మకం పుడుతుంది. ఒక్కొక్కరి గురించి మిగతావాళ్ళు ఒక మంచి మాట చెప్పాలి, దానితో ప్రేమ పుడుతుంది. మేము పరుపుల మీద హాయిగా పడ్డాం, ఒకరినొకరం ఇంగ్లీషులో పొగుడుకున్నాం, మధ్యాహ్నం పూరీలు తిన్నాం. నేను లోకాన్ని జయించినవాడిలా నయాపూల్ మీదుగా నడుచుకుంటూ వచ్చాను. ఆ వంతెన మీద నడిచిన కుర్రవాణ్ణి ఇప్పుడు ఆపి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు లెండి.

మొదటి ఆట వెనక్కి పడటం. పాస్టరన్న పడాలి, మిస్త్రీ పట్టుకోవాలి అన్నాను. మిస్త్రీ చాచా వైపు తిరిగి, ‘పట్టుకోకుంటె మెమో ఇస్తరా అడుగు’ అన్నాడు. పాస్టరన్న కూడా చాచా వైపే తిరిగి, ‘నేను పడనే పడనని చెప్పు’ అన్నాడు. సరే, ఎలా పడాలో చూపిస్తానని నేనే కళ్ళు మూసుకొని వెనక్కి వాలాను. నన్ను ఎవరు పట్టుకోవాలో చెప్పడం మరిచిపోయాను. నువ్వు పట్టుకుంటావని ఇతను, నువ్వు పట్టుకుంటావని అతను ఊరుకున్నారు. వెనక పైపులున్నాయి. నడుము పట్టేసి మూడురోజులు వంకరగా నడిచాను. ఇంట్లో అమ్మ ఆవనూనె మర్దన చేస్తూ, ‘గంత పెద్ద నౌకరీల బరువులు మోపిస్తరా బిడ్డా?’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బుద్ధి రావాలి కదా. రాలేదు. వారం తిరక్కుండా రెండో ఆటకు దిగాను. ఆఫీసు వాకిట్లో కుర్చీలు గుండ్రంగా వేయించి, చాయ్, బిస్కెట్లు తెప్పించాను. ‘అందరం పెద్ద మిస్త్రీ గురించి తలా ఒక మంచి మాట చెప్పుకుందాం’ అని ప్రకటించాను. వయసులో పెద్ద కాబట్టి ఆయనతో మొదలుపెడితే మర్యాదగా ఉంటుందని నా ఉద్దేశం. ప్రకటించి తల తిప్పేసరికి చాచా లేడు. కాసేపటికి చార్మినార్ దగ్గరి పూలవాళ్ళ నుంచి ఒక బంతిపూల దండతో రొప్పుతూ వచ్చాడు. ‘ఇదెందుకు చాచా?’ అన్నాను. ‘క్యా సాబ్! ఇన్నేండ్ల నౌకరీ. మనిషిని ఖాలీ చేతులతోని పంపుతమా?’ అన్నాడు గద్గదంగా. నాకు అప్పుడైనా వెలగలేదు. దండ ఉంటే సభకు కళ వస్తుందనుకొని, నా చేతులతో నేనే మిస్త్రీ మెడలో వేశాను.

మిస్త్రీ ముఖం పాలిపోయింది. అందరూ ఒక్కొక్కరే లేచారు. ‘మిస్త్రీ మస్తు మంచోడుండె.’ ‘ఎవ్వల్ని ఒక్క మాట అనకపోతుండె.’ ‘గసొంటి మనిషి మళ్ళ దొరకడు.’ నాకు చెవిలో ఏదో గుచ్చుకున్నట్టయింది. ‘ఉండె కాదయ్యా, ఉన్నడు అనండి’ అని సవరించాను. వాళ్ళు నన్ను జాలిగా చూశారు. ‘ఉన్నోన్ని ముంగటనే ఎట్ల పొగుడ్తం సార్? దిష్టి తగుల్తది గద’ అన్నాడు ఒకడు. నిజమే. మా ఆఫీసులో మనిషికి దండ వేసి, చాయ్ పోసి, నలుగురు మంచి మాటలు చెప్పే సందర్భాలు రెండే. ఒకటి రిటైర్మెంటు, రెండోది సంతాపసభ. మిస్త్రీ కళ్ళెదుట బతికే ఉన్నాడు కాబట్టి మిగిలింది ఒకటే. అదీ సర్వీసు ఉండగానే అంటే, తీసేశారన్నమాట. ఈ ముక్క బొంబాయి సారు చెప్పలేదు.

చివరికి పాస్టరన్న లేచాడు. చాచా అలవాటు కొద్దీ మధ్యలోకి వచ్చి నిలబడబోతే చేత్తో పక్కకు జరిపాడు. ‘పైపుకు చూడి కోసుడు, మరలు వెట్టుడు నాకు ఈ మనిషే నేర్పిండు’ అన్నాడు. ‘నా పెండ్లినాడు మా గల్లీకి నీల్ల వంతు కాదు. చుట్టాలు దిగిన్రు, గిన్నెలు కడుగ నీల్లు లేవు. అడగకముందే వచ్చి వాల్వు తిప్పిండు. ఎవ్వనికి చెప్పలె. నేను గూడ ఇయ్యాల్టిదాంక ఎవ్వనికి చెప్పలె.’ మిస్త్రీ లేచి ఆయన్ని గట్టిగా పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన పాన తెచ్చి పాస్టరన్న చేతిలో పెట్టి, ‘ఇగ ఇది నీదే తమ్మీ’ అన్నాడు. అందరం ఏడ్చాం. నేనైతే, ఇంత పెద్ద విజయం ఇంత త్వరగా వస్తుందని తెలియక, అందరికంటే ఎక్కువ ఏడ్చాను.

మర్నాడు మిస్త్రీ డ్యూటీకి రాలేదు. ఆయన భార్య వచ్చింది. ‘మా ఇంటాయన ఏం తప్పు జేసిండని తీసేసిన్రు సార్? రాతిరి సంది ముద్ద ముట్టలేడు’ అని గుమ్మంలో కూలబడింది. ఆమె వెంటే పరుగెత్తాను. ఇరుకు గల్లీలో వాళ్ళ ఇంటిముందు బంధువులు అప్పటికే చాపలు పరుచుకొని కూర్చున్నారు. మిస్త్రీ గోడకు ఆనుకొని ఉన్నాడు. ‘నిన్నెవరూ తీసెయ్యలేదు మిస్త్రీ! నీ నౌకరీకి ఏ ఫికరూ లేదు. అది ఉత్త ఆట’ అన్నాను. ఆయన గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. ‘ఆటనా?’ అన్నాడు. ‘అయితే వాండ్లు అన్నయన్నీ ఉత్తిగనే అన్నరా? మా పాస్టరు తమ్ముడు గూడ?’ కాదు కాదు, మాటలు నిజమే, సందర్భమే ఆట అని ఏదో నసిగాను. ‘గట్లయితే నాకు నౌకరీ వద్దు సార్. రిటైర్మెంటే ఇప్పియ్యి. గా మాటలు నాకుండనియ్యి’ అన్నాడు. ఆ మనిషి అన్నేళ్ళ నౌకరీలో విన్న మంచి మాటలు ఆ కాస్తే. వాటిని కూడా నేను ఆట అనేశాను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బతిమాలి డ్యూటీకి తెచ్చాను గానీ పరిస్థితి ఇంకా చెడింది. ఇదివరకు పడక మాట్లాడుకోలేదు, ఇప్పుడు సిగ్గుపడి మాట్లాడుకోలేదు. ‘పోతున్నడనుకొని చెప్పిన సార్. ఇప్పుడు వచ్చి కూసున్నడు. వాని మొకం ఎట్ల చూడాలె?’ అని పాస్టరన్న నా మీద మండిపడ్డాడు. ఆయన వస్తే ఈయన గోడచాటుకు పోతాడు, ఈయన వస్తే ఆయన పైపుల వెనక కూర్చుంటాడు. ఇద్దరి మధ్యా నిలబడే పని కూడా లేక చాచా దిగులుపడ్డాడు. బోనాల ముందు రోజు నేను దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. పాస్టరన్న దేవుణ్ణి కూడా వదల్లేదు.

బోనాలనాడు పొద్దున కింది గల్లీల్లో చుక్క నీరు లేదు. బోనం వండాలి, వాకిళ్ళు కడగాలి. పసుపు చీరల్లో ఆడవాళ్ళు బిందెలతో నన్ను చుట్టుముట్టారు. ఏడుపు దిగమింగుకొని పాన పట్టుకొని వాల్వు గుంతలోకి నేనే దిగాను. అది కదిలితే ఒట్టు. ఈ మూల నుంచి పాస్టరన్న, ఆ మూల నుంచి మిస్త్రీ వచ్చారు. పాస్టరన్న దిగి నా చేతిలోంచి పాన లాక్కొని తిప్పసాగాడు. మిస్త్రీ పైన నిలబడి కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

‘గట్ల కాదుర గాడిదా! ఎడ్మకు తిప్పు!’

‘ఎడ్మకే తిప్పుతున్న! కండ్లు కనబడ్తలేవా ముసలోడా?’

‘నా కండ్లల్ల సబ్బు పడలె గదర, మంచిగనే కనబడ్తయ్!’

గల్లీ అంతా గొల్లుమంది. పాస్టరన్న ఒక్క క్షణం గుడ్లురిమి చూసి, ‘దిగు మరి, దిగి తిప్పు నీ తాత!’ అన్నాడు. మిస్త్రీ దిగాడు. ఇద్దరూ ఒకే పాన పట్టుకొని, ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకుంటూ తిప్పారు. నల్లాలు బుస్సుమన్నాయి. ఆడవాళ్ళు కేకలు వేశారు. నేను గుంతలో బురదలో కూర్చొని పిచ్చివాడిలా నవ్వుతున్నాను. సరిగ్గా అప్పుడే ఇంజనీరు సారు జీపు వచ్చి ఆగింది.

ఆయన కళ్ళకు కనబడింది ఏమిటంటే, నడివీధిలో ఇద్దరు ఉద్యోగులు గాడిదా, ముసలోడా అని అరుచుకోవడం, సూపర్వైజరు బురదలో కూర్చొని నవ్వడం. ‘ఇదేనా నువ్వు నేర్చుకొచ్చింది? ప్రొబేషన్ ఇంకో ఆర్నెల్లు’ అన్నాడు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. జీపు వెళ్ళిపోయింది.

ఆఫీసుకు వచ్చి ఒక మూల కూలబడ్డాను. బాపుకు ఏమని చెప్పాలి, లడ్డూలు తిన్న గల్లీకి ఏమని చెప్పాలి? నిజంగా ఆ క్షణంలో మూసీలో దూకాలనిపించింది. (ఆ ఏడు అందులో మోకాలిలోతు నీళ్ళు కూడా లేవు.) మిస్త్రీ భార్య పంపిన బోనం అన్నం చాచా అందరికీ వడ్డిస్తున్నాడు. మిస్త్రీ వచ్చి నా ముందు నిలబడ్డాడు. ‘ఏం మనిషివిరా నువ్వు? నోట్లె నాలిక లేదా? నీల్లొచ్చినయి, మీరే సూడుండ్రి అని ఒక్క మాట చెప్పరాదు? పెండ్లిపిల్ల లెక్క తలకాయ వంచుకొని నిలవడ్డవ్!’ అన్నాడు. అంతవరకూ ఆయన నన్ను సార్ అనకుండా పిలిచింది లేదు. పక్కనుంచి పాస్టరన్న, ‘గట్ల గడ్డి వెట్టు మిస్త్రీ! ఫస్టు గా ఆటలు బంద్ జెయ్యమను’ అన్నాడు. ఇద్దరూ వంతులవారీగా, ఒకరి మాటను ఇంకొకరు అందుకుంటూ, చేతులు కడుక్కునేదాకా నన్ను తిట్టారు. నాకు ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చింది. ‘తిడ్తుంటె నవ్వుతవేంది, సిగ్గులేదా?’ అని మిస్త్రీ నా విస్తరిలో ఇంకో ముద్ద అన్నం వేశాడు.

తర్వాత ఎప్పుడో పర్మనెంటు కూడా అయ్యాను. ఆ రోజు ఏం తిన్నానో, ఎవరేమన్నారో ఒక్క ముక్క జ్ఞాపకం లేదు.