సూర్యగంజాయి

కిందటి నెల ఒక సాయంత్రం మా ఊళ్ళో గంజాయి సాగుకు సర్కారువారి అనుమతి వచ్చేసిందండీ! ఇచ్చిందెవరనుకున్నారు? మద్రాసు గవర్నరు కాదు. నేను! నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నాకు అడ్డం రాకండి.

ఉయ్యూరు పక్క పల్లెలో మిషన్ బడి మాస్టర్ని. దేవుడు నాకు పొలం ఇవ్వలేదు గానీ గొంతు ఇచ్చాడు, స్తోత్రం! ఇంగ్లీషు ప్రసంగానికి నేను తర్జుమా చెప్పడానికి నిలబడ్డానంటే, అసలు దానికంటే నాదే బావుందని మా ఆవిడ మరియమ్మ కూడా ఒప్పుకుంటుంది. ఆవిడ ఒప్పుకునే సంగతులు బహు తక్కువ.

నాకున్న ఆశల్లా ఒక్కటే. క్రిస్మస్‌కి ముందు బెజవాడ గవర్నర్‌పేటలో ఉజ్జీవ కూటాలు జరుగుతాయి. అక్కడ ఇంగ్లీషులో ప్రసంగించే మిషన్ దొరగారి పక్కన నిలబడి తర్జుమా చెప్పాలి. మా పాస్టరుగారిని అడిగాను. మేమంతా ఆయన్ని అయ్యగారంటాం.

"చూద్దాం దావీదూ. బుధవారం మన బడికి వ్యవసాయ శాఖ ఆఫీసరు వస్తున్నాడు. అరవాయన, తెలుగు ముక్క రాదు. ఆయనకి నువ్వే తర్జుమా చెప్పు. అది విని, బాగుంటే బెజవాడకి నీ పేరు పంపిస్తా" అన్నారు.

పరీక్షంటే నాకు భయమా! ఉపన్యాసం దేని మీదో ముందే కనుక్కున్నాను. 'హెంప్' అన్నారు. మా బడి డిక్షనరీ తీసి చూశాను. అచ్చులో స్పష్టంగా ఉంది: గంజాయి చెట్టు. ఆశ్చర్యపోయాను. కానీ తర్జుమా చేసేవాడు ఆశ్చర్యపోకూడదు. ప్రార్థన చేసుకుని తెల్ల లాల్చీ తొడుక్కున్నాను.

బడి వరండా నిండా రైతులే. ముందు కుర్చీలో అయ్యగారు. వెనకాల సైకిలు పట్టుకుని, కల్లు, గంజాయి కేసులు పట్టే అబ్కారీ జవాను. దారిన పోతూ ఆగాడట.

ఆఫీసరుగారు మొదలుపెట్టారు. జపానువాళ్ళ వల్ల ఫిలిప్పీన్స్ నుంచి మనీలా తాడు రావడం ఆగిపోయింది, యుద్ధానికి తాళ్ళు కావాలి, కాబట్టి వరి కోతల ముందు మీరంతా 'సన్ హెంప్' చల్లుకోండి అన్నారు.

సన్ హెంప్! సన్ అంటే సూర్యుడు. క్షణం కూడా తడుముకోలేదండీ. గొంతు సవరించుకుని,

"రైతు సోదరులారా! సర్కారువారు మీ అందరినీ సూర్యగంజాయి వేసుకోమంటున్నారు!" అన్నాను.

వరండా అంతా జాతరే!

పెద్దరైతు వెంకట్రామయ్యగారు లేచారు. "ఏమండీ మాస్టారూ, నిన్నటిదాకా నేరం, ఇవాళ్టినుంచి పంటానా?"

అడిగాను. ఆఫీసరుగారు నవ్వి, హెంప్ వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, గట్ల దాకా చల్లుకోండి అన్నారు. అదే చెప్పాను.

జవాను సైకిలు స్టాండు వేసేశాడు. "సార్, మరి నా ఉద్యోగం ఏంకానండీ?"

అదీ అడిగాను. ఆఫీసరుగారికి అర్థంకాలేదు. అతన్ని కూడా రెండెకరాలు వేసుకోమనండి అన్నారు!

మీరు గమనించాలి, నా తర్జుమాలో ఎక్కడా వంక లేదు. అటునుంచి వచ్చిన హెంప్‌ని గంజాయి చేసి ఇటు ఇస్తున్నాను. ఇటునుంచి వెళ్ళే గంజాయిని హెంప్ చేసి అటు ఇస్తున్నాను. రెండువైపులా సాఫీగా నడిచిపోతోంది!

"పశువులకి పెట్టచ్చా?" అన్నాడు ఒకాయన.

"బ్రహ్మాండమైన మేతట. పాలు పెరుగుతాయట."

"గేదె మత్తుగా పడుకోదూ?"

"హాయిగా పడుకుంటే మంచిదేగా అంటున్నారు."

ఇంక లాభం లేదని అయ్యగారు లేచారు. ముఖం కందగడ్డ. "దావీదూ, మన సంఘంలో ఈ పాడుపంట కుదరదని ఖండితంగా చెప్పు."

ఖండితంగానే చెప్పాను. ఆఫీసరుగారికి కోపం వచ్చింది. మీ గుడిగంట ఏ తాడుతో కొడుతున్నారో ఒకసారి చూసుకోమనండి, అది హెంప్ తాడే అన్నారు.

మెల్లిగా అయ్యగారివైపు తిరిగాను. మాట దాచడం తర్జుమాకి ద్రోహం కదండీ.

"అయ్యగారూ... మన గుడిగంట తాడు గంజాయిదేనట."

అయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. వెనకనుంచి ఎవడో, "అందుకేనర్రా, ఆదివారం గంట వినగానే నాకు నిద్రొచ్చేది!" అన్నాడు. ఇక చూడండి నవ్వులు!

ఆఫీసరుగారు విసుగ్గా సంచీలోంచి మొక్కల కట్ట లాగి బల్లమీద పడేశారు. పసుప్పచ్చ పూలు, పొడుగాటి కాడలు.

"ఓరి నీ దుంపతెగ! జనుము!" అన్నారు వెంకట్రామయ్యగారు. వరండా అంతా ఒక్కసారే, "జనుమండోయ్!"

అవునండీ, జనుమే. మన తాతలనాటినుంచీ వరి చేలో చల్లి, గేదెలకి వేసి, తాళ్ళు పేనుకునే జనుము! సన్ అంటే సూర్యుడు కాదట. మన జనుమునే ఉత్తరాదివాళ్ళు సన్ అంటారట, దొరలు దాన్నే పట్టుకుపోయారు. నార తీసే మొక్కలన్నిటికీ వాళ్ళు హెంప్ అని ఒకే తోక తగిలిస్తారు. ఇంకో సంగతి కూడా ఆఫీసరుగారే చెప్పారు. గంజాయి జాతి మొక్కనే కొన్ని దేశాల్లో నారకోసం చేలల్లో వేస్తారట, ఓడల తాళ్ళు దానితోనే పేనుతారట. అంటే డిక్షనరీ అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. దేశమే మారిపోయింది!

అందరూ వెళ్ళాక అయ్యగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. బెజవాడ పోయిందనే అనుకున్నాను.

"మాట తప్పు. కానీ చివరి వరసదాకా వినబడింది. ఒక్కడు లేచి వెళ్ళలేదు. నా ప్రసంగానికి సగంమంది వెళ్ళిపోతారు. నీ పేరు రాస్తున్నాను పో" అన్నారు.

మొన్న గవర్నర్‌పేటలో దొరగారి పక్కన నిలబడ్డానండీ! మా పల్లె మొత్తం బండ్లు కట్టుకుని వచ్చేసింది. వెంకట్రామయ్యగారూ, ఆఖరికి ఆ జవానూ కూడా ముందు వరసలోనే. కన్నార్పకుండా, నా నోటివంకే చూస్తూ, ప్రతి మాటా చెవులు రిక్కించి విన్నారు. కూటం అయ్యాక దొరగారు నా చెయ్యి పట్టుకుని, "వాక్యంకోసం ఇంత ఆకలితో వచ్చిన జనాన్ని నేనెక్కడా చూడలేదు" అన్నారు, కళ్ళనీళ్ళతో.

వాళ్ళు కాచుక్కూర్చున్నది వాక్యంకోసం కాదు, నా నోట జారబోయే ఇంకో సూర్యగంజాయికోసమని ఆయనకి ఎలా చెప్పేదండీ? జీవితంలో నేను తర్జుమా చెయ్యకుండా మింగేసింది ఆ ఒక్క మాటే!