బొటనవేలు వాచిన పొద్దు

నాకు యాభై దాటాయి. పెళ్లయిన నాటి నుంచి మైదుకూరు దగ్గరి మా ఊళ్లో గుంటమగ్గం మీద నూలు చీరలు నేస్తున్నాను. ఆ పొద్దు లేచి కుడికాలు నేల మీద పెట్టగానే ప్రాణం పోయినంత పనయింది. బొటనవేలి మొదట్లో కీలు ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలుతోంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయాను. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం ఏమీ లేదు.

"మగ్గం కాడ యాడన్నా కొట్టుకున్యావా?" అన్నాడు మా ఆయన.

"కొట్టుకుంటే నాకు తెలీదా? ఎండాకాలంలో గూడా ఇట్లే వచ్చి, దానంతటదే పాయ. ఇది దెబ్బ కాదు."

తేలు కుట్టిందేమోనని మా తోడికోడలు పక్కబట్టలన్నీ దులిపింది. పసుపు కట్టు కడతానంటే వద్దన్నాను. రెండోసారి వచ్చిందంటే దానికో పేరుంటుంది, అదేదో తేల్చుకోవాలనుకున్నాను. మా ఆయనను వెంటబెట్టుకుని, ఆటో వెనకసీట్లో కాలు చాపుకుని కడపకు వెళ్లాను.

డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. జ్వరం ఉందేమో చూసి, కీలులోంచి సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని మళ్లీ లోపలికి పిలిచింది.

"గౌట్ అమ్మా ఇది. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువైతే సన్నటి సూదుల మాదిరి కీళ్లలో పేరుకుంటుంది. చాలామందికి మొదట బొటనవేలినే పట్టుకుంటుంది."

మా ఆయన ఒప్పుకోలేదు. "మాంసం, మందు ఎక్కువైనోళ్లకు గదా మేడం వచ్చేది? ఈమె గుడ్డు గూడా తినదే!"

"తినకపోయినా వస్తుంది. నెలసరి ఆగిన ఆడవాళ్లకూ వస్తుంది. ఏం మాత్రలు వేసుకుంటున్నారమ్మా?"

బీపీ మాత్రలు చూపించాను. అందులో ఒంట్లో నీరు లాగే మాత్ర ఒకటుందని, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుందని చెప్పి, దాని బదులు వేరేది రాసింది. నీళ్లు తక్కువైనా ఇది ముదురుతుంది, బాగా తాగుతారా అని అడిగితే నవ్వొచ్చింది. మాటిమాటికీ గుంటలోంచి లేవాల్సి వస్తుందని మగ్గం మీద కూర్చున్నవాళ్లం నీళ్లు తాగం.

నొప్పికి మందిచ్చి, వాపు తగ్గాక యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర రోజూ వేసుకోమంది. మొదలుపెట్టిన కొత్తలో, కీళ్లలో పేరుకున్న ఆ సూదులు కరిగేటప్పుడు నొప్పి మళ్లీ రావచ్చని, వచ్చినా ఆపొద్దని ముందే చెప్పింది. అన్నట్టే వచ్చింది.

"మాత్ర పడలేదు నీకు, ఆపేయ్," అన్నాడు మా ఆయన.

"ఆపను. ఎందుకొచ్చిందో నాకు తెలుసు," అన్నాను. నొప్పికి డాక్టరమ్మ ఇచ్చిన మందు వేసుకుని, కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకున్నాను. ఆ తర్వాత మళ్లీ రాలేదు. మాత్ర మాననూ లేదు, మగ్గం మాననూ లేదు.